అడగకుండా పెట్టిన టిక్కు

కిందటి వారం మెరుపును ఆసుపత్రి నేలమాళిగలో, రికార్డుల గది గుమ్మం ముందు వదిలాం. చేతిలో చెల్లెలి ఆసుపత్రి కార్డు, కళ్లల్లో నిప్పులు. పదేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న చెల్లెల్ని పద్దెనిమిది రోజుల కిందట డిపో వాళ్లు డ్యూటీ నుంచి దించేశారు. జనం ఆరోగ్య సమాచారం కొని, మనిషి మనిషికీ మార్కులు వేసి అమ్ముకునే ఒక కంపెనీ, ఆమెకు మూర్ఛ ఉందనీ, స్టీరింగు చేతికిస్తే ప్రమాదమనీ డిపోకు రాసి పంపింది. చెల్లెలికి మూర్ఛ లేదు. ఏనాడూ లేదు. ఆ అబద్ధం ఆసుపత్రి గోడలు దాటి బయటికి ఎలా పోయిందో, ఎవరు పోనిచ్చారో తేల్చుకుందామని, అదే ఆసుపత్రిలో పద్నాలుగేళ్లుగా నాలుగో నంబరు కౌంటర్లో కూర్చునే మెరుపు మెట్లు దిగి వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి డిపోలో ఆఖరి విచారణ. అక్కడ పనికిరాదని రాశారంటే లైసెన్సు రద్దు. ఆ తర్వాత ఆమెను ఆటో కూడా నడపనివ్వరు.

గోడ గడియారం పదకొండూ పది చూపిస్తోంది.

రికార్డుల గదిని చూసుకునే పెద్దమనిషిని అందరూ తాళాలాయన అంటారు. కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కి ఏళ్లవుతున్నా, పాత బీరువాల తాళాల గుత్తి ఆయన నడుముకు వేలాడుతూనే ఉంటుంది. ఆయన ఎక్కడికి కదిలినా ఆ చప్పుడు ముందు వెళుతుందనీ, అందుకే ఆయన ఇంతవరకూ ఒక్క దొంగను కూడా పట్టుకోలేకపోయాడనీ పైన కౌంటర్లలో నవ్వుకుంటారు. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. అందుకే మెరుపు అడిగిన పని చేయనని రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. మూడింటికి విచారణ అని చెప్పాక మాత్రం కార్డు అందుకున్నాడు.

ప్రతి రోగి రికార్డుకూ చివర ఒక పేజీ ఉంటుందని మెరుపుకు ఆ రోజే తెలిసింది. కౌంటర్ల వాళ్లకు అది తెరుచుకోదు. ఆ రికార్డు బయట ఎవరెవరికి వెళ్లిందో అందులో వరసగా ఉంటుంది. చెల్లెలి పేజీలో పందొమ్మిది వరసలున్నాయి. మందుల కంపెనీలు, బీమా కంపెనీలు, ఒక కళ్లజోళ్ల కంపెనీ, ఒక పరుపుల కంపెనీ.

"పరుపులకీ మా చెల్లి తలకాయకీ ఏంటి బాబాయ్ సంబంధం?"

"నిద్ర సరిగా పట్టట్లేదని డాక్టరుతో అందట. వాళ్లకి ఆ ముక్క చాలు."

పందొమ్మిదో వరసలో మార్కుల కంపెనీ ఉంది. మెరుపు వేలు అక్కడ ఆగింది. పేర్లు తీసేసి ఇస్తారని కదా పైన అందరికీ చెప్పారు, మరి డిపోకి ఎలా తెలిసింది అని అడిగింది. తాళాలాయన ఆ వరస మీద నొక్కి, వెళ్లిన సమాచారం విప్పి చూపించాడు. నిజమే, పేరు లేదు. వయసు ముప్పై నాలుగు. ఆడమనిషి. వృత్తి సిటీ బస్సు డ్రైవరు. ఇల్లు ఫలానా పేటలో, ఫలానా వీధి. ఆ పేటలో బస్సు నడిపే ఆడమనిషి ఒక్కతే. ఇంక పేరెందుకు?

"దీనికి ఒప్పుకున్నట్టు ఎవరు రాశారు?" అంది మెరుపు. "అది కావాలి నాకు. వాడెవడో నాకు కావాలి."

తాళాలాయన ఇంకో చోట నొక్కాడు. తెర మీద ఏదో కనిపించింది. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా తెరను గోడవైపుకు తిప్పాడు.

"నువ్వు పైకి పోమ్మా. నేను చూసి చెప్తాను."

ఆయన గొంతులో జాలి వినిపించింది. మెరుపు వంగి, తెర అంచు పట్టుకుని ఇటు లాగింది.

రోగి అంగీకారం: ఇచ్చారు. తీసుకున్న చోటు: కౌంటర్ నాలుగు. తీసుకున్న ఉద్యోగి: 2217.

మెడలో కార్డు తిప్పి చూసుకోవాల్సిన అవసరం లేదు. పద్నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ నంబరు కొట్టాకే ఆమె కంప్యూటర్ తెరుచుకుంటుంది.

ఆమెకు మెరుపు అనే పేరు ఎలా వచ్చిందో ఇక్కడ చెప్పుకోవాలి. పొద్దున కౌంటర్ తెరిచేసరికి లైను గేటు దాటి రోడ్డు మీదికి వెళుతుంది. ఒక్కో మనిషిని చేర్చుకోవడానికి టాబ్లెట్లో పదకొండు పేజీలు. తొమ్మిదో పేజీలో, మీ ఆరోగ్య సమాచారాన్ని వ్యాపార అవసరాలకు ఇతర సంస్థలకు ఇవ్వవచ్చా అని ఉంటుంది. దాన్ని రోగికి చదివి వినిపించి, సరేనంటే సరే అనీ, వద్దంటే వద్దు అనీ టిక్కు పెట్టాలి. చదివితే నాలుగు నిమిషాలు. వద్దు అని పెడితే ఇంకో మూడు పేజీలు తెరుచుకుంటాయి. ఎవరు మొదలుపెట్టారో గానీ, కౌంటర్లో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ పాతవాళ్లు నేర్పే మొదటి ఒడుపు అదే: తొమ్మిదో పేజీ రాగానే బొటనవేలితో సరే మీద తాకి దాటెయ్యాలి. తర్వాత సంతకం పలకను రోగివైపు తిప్పాలి. ఆ పలక మీద గీత తప్ప ఇంకేమీ కనిపించదు. "ఇక్కడ సంతకం పెట్టండి." అంతే. మెరుపు ఒక్క మనిషిని నిమిషం పది సెకన్లలో పంపేది. ఆసుపత్రి ఆమెకు ఉత్తమ ఉద్యోగి అని పళ్లెమంత కప్పు ఇచ్చింది, తోటివాళ్లు ఈ పేరు ఇచ్చారు.

పోయిన ఏడాది చెల్లెలు రెండు షిఫ్టులు వరసగా చేసి, ఏమీ తినకుండా డిపో మెట్లు ఎక్కుతూ కళ్లు తిరిగి పడింది. డాక్టరు తలకు స్కానింగు రాశాడు. కళ్లు తిరగడం అని కొడితే మూడు నెలల తర్వాత తేదీ వచ్చింది. కౌంటర్ల వాళ్లకు తెలిసిన రెండో ఒడుపు ఇక్కడ పనికొచ్చింది. కారణం దగ్గర మూర్ఛ అని ఎంచుకుంటే రెండు రోజుల్లో తేదీ దొరుకుతుంది. సొంతవాళ్ల కోసం అందరూ అలాగే చేస్తారు. తేదీ అయిపోగానే ఆ కారణం చెరిగిపోతుందని అందరి నమ్మకం. మెరుపు మూర్ఛ అని ఎంచుకుంది, తొమ్మిదో పేజీ దాటేసింది, పలక తిప్పింది. "ఇక్కడ సంతకం పెట్టవే" అంది. స్కానింగులో ఏమీ లేదు. వేళకి తిండి తినమన్నాడు డాక్టరు. దానికి ఇంత హడావిడి అవసరమా అని ఆ రోజు అక్కాచెల్లెళ్లిద్దరూ క్యాంటీన్లో పడీ పడీ నవ్వుకున్నారు.

పద్దెనిమిది రోజులుగా ఆ సంగతి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పక్కకు తోసేసి, ఇంకెవడినో వెతికింది. అబద్ధం రాసిందీ తనే, దాన్ని సంతలోకి తోలిందీ తనే అని ఇప్పుడు తెర మీద అచ్చయి ఉంది.

మెరుపు కుర్చీ కోసం చెయ్యి చాపింది. అందలేదు. తాళాలాయన జరిపాడు.

కాసేపటికి ఆయనే బీరువా తెరిచి, సవరణ పత్రం ఒకటి తీసి ముందు పెట్టాడు. తప్పు ఎవరి చేతి మీదుగా జరిగిందో వాళ్లే రాసివ్వాలట. అడ్మినిస్ట్రేటర్ సీలు పడాలట. అడుగున రోగి కోసం కూడా ఒక గీత ఉంది: నా సమాచారం ఇవ్వడం ఆపండి, అని. తన ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ పత్రం అడిగినవాళ్లు లేరన్నాడు.

"ఇది రాశావంటే రేపు నీకు కౌంటర్ ఉండదు."

"రాయకపోతే దానికి బస్సు ఉండదు బాబాయ్."

ఆమె రాసింది. లైను ఆగకూడదని ఎప్పుడూ పరుగులు పెట్టే చెయ్యి, ఆ పూట ఒక్కో అక్షరం దగ్గరా ఆగింది.

*

మూడో అంతస్తులో అడ్మినిస్ట్రేటర్ గది బయట గంటంబావు కూర్చోబెట్టారు. లోపలికి పిలిచేసరికి పన్నెండూ ముప్పావు. అడ్మినిస్ట్రేటర్ మేడం కిటికీ దగ్గర నిలబడి, ప్లాస్టిక్ మొక్క ఆకుల మీద దుమ్మును తడి గుడ్డతో తుడుస్తోంది. కాగితం అందుకుని, నిలబడే చదివింది. అరవలేదు. అరిచి ఉంటే మెరుపుకు తేలికగా ఉండేది.

ఇలా ఎంతమందికి పెట్టావని అడిగింది. టాబ్లెట్లు వచ్చినప్పటి నుంచి అందరికీ అని మెరుపు చెప్పింది. మిగతా కౌంటర్ల సంగతేంటని అడగబోయి మేడం తనే ఆగిపోయింది. ఆ జవాబు వింటే తనూ ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. గుడ్డ మడిచి పక్కన పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఉత్తరం స్వయంగా టైపు చేసింది. అచ్చు తీసి మెరుపు ముందుకు తోసింది.

ఉత్తరం చిన్నది. రోగి రికార్డులో మూర్ఛ అని పడడం కంప్యూటర్ పొరపాటు. స్కానింగు ప్రకారం ఆమె పూర్తి ఆరోగ్యవంతురాలు. అంతవరకూ చదివేసరికి మెరుపు కళ్లు చెమ్మగిల్లాయి. కింద ఇంకో వాక్యం ఉంది. తన సమాచారాన్ని ఇతర సంస్థలకు ఇవ్వడానికి రోగి పూర్తిగా తెలిసే అంగీకరించారు, ఆ అంగీకారానికి ఇప్పటికీ కట్టుబడి ఉన్నారు. దాని కింద రోగి సంతకానికి గీత.

"చూడమ్మా," అంది మేడం. "ఈ ఉత్తరం మీద నీ చెల్లెలి సంతకం పెట్టించి తీసుకెళ్తే సాయంత్రానికల్లా ఆమె బస్సు ఎక్కుతుంది. నువ్వు రేపు నీ కౌంటర్లో ఉంటావు. నువ్వు రాసిన ఆ కాగితం ఇస్తే నేను కమిటీ వెయ్యాలి. కమిటీ తేల్చేదాకా రికార్డు అలాగే ఉంటుంది."

"ఎన్నాళ్లు మేడం?"

"పద్నాలుగేళ్ల నుంచి ఉన్నావు. మన దగ్గర పనులు ఎంత తొందరగా తెములుతాయో నీకు తెలీదా?"

ఈ ఉత్తరం ఇస్తే ఆ పందొమ్మిది చోట్లకీ ఇచ్చినవి వెనక్కి వస్తాయా అని మెరుపు అడిగింది. పోయినవి ఏ కాగితానికీ రావని మేడం చెప్పింది. ఆపమని రోగి రాసిస్తే ఇకముందు పోకుండా ఆగుతాయి, కట్టుబడి ఉన్నానని రాసిస్తే పోతూనే ఉంటాయి, అంతే తేడా. ఈ ఏడాది ఇరవయ్యో చోటు, వచ్చే ఏడాది యాభయ్యోది. మళ్లీ ఏ కంపెనీ ఏ రోగం అంటగడుతుందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు నన్ను అడగలేదని అనడానికి కూడా చెల్లెలికి నోరు ఉండదు.

తర్వాత మేడం చేసిన పని మెరుపు ఊహించనిది. సవరణ పత్రం దగ్గరికి తీసుకుని దాని మీదా సీలు వేసింది, ఉత్తరం మీదా వేసింది. రెండూ కలిపి ఇచ్చింది.

"వెయ్యనన్నానని రేపు అనకూడదు. రెండూ నీ చేతిలోనే ఉన్నాయి. నీ చెల్లెలి సంగతి నాకు తెలీదు గానీ, నీ సంగతి తెలుసు. నువ్వు లైను ఆగనివ్వవు."

*

రెండూ పదికి గానీ బస్సు దొరకలేదు. కిటికీ పక్కన సీటు. డిపోకి పాతిక నిమిషాలు.

బస్సు రెండు స్టాపులు దాటేసరికి మెరుపు చేతులు వాటంతట అవే ఒక పని మొదలుపెట్టాయి. మేడం ఇచ్చిన ఉత్తరాన్ని అడ్డంగా ఒకసారి మడిచింది. ఇంకోసారి మడిచింది. ఇప్పుడు పైకి కనిపిస్తున్నది గీత ఒక్కటే. అచ్చం సంతకం పలకలా.

చెల్లెలు చదవదు. అక్క ఇచ్చిన కాగితాన్ని అది ఎన్నడూ చదవలేదు. ఇక్కడ సంతకం పెట్టవే అంటే పెట్టేస్తుంది. రెండు సెకన్ల పని. సాయంత్రం బస్సు ఎక్కుతుంది, రాత్రి నవ్వుతూ ఇంటికి వస్తుంది. పద్దెనిమిది రోజులుగా కంచం ముందు తలవంచుకుని అన్నం కెలుకుతున్న మనిషి కడుపునిండా తింటుంది. చెప్పాల్సిన పని ఏముంది? చెప్పి ఏం సాధించాలి? తన గుండె బరువు దించుకోవడానికి దాని బతుకు పణంగా పెట్టాలా?

మడత గోటితో గట్టిగా నొక్కింది. విప్పింది. మళ్లీ నొక్కింది. పక్క సీటావిడ ఆమె చేతులవంకే చూస్తోందని గమనించి, కాగితాన్ని సంచిలో పెట్టి జిప్పు లాగింది. బస్సు సడెన్ బ్రేకుతో కుదిపి ఆగింది. చెల్లెలైతే ఇలా ఆపదు అనుకుంది.

డిపోలో విచారణ గది బయట పొడవాటి వరండా. ఆవరణలో బస్సులు కడుగుతున్న నీళ్ల చప్పుడు. చెల్లెలు బెంచీ చివర కూర్చుని ఉంది. డ్యూటీ లేకపోయినా యూనిఫాం ఇస్త్రీ చేసి వేసుకుంది. మోకాళ్ల మీద చేతులు రెండూ దూరంగా పెట్టుకుంది, మధ్యలో స్టీరింగు ఉన్నట్టు. అక్కను చూడగానే పక్కకు జరిగి చోటిచ్చింది.

"దొరికాడా?"

మెరుపు కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది.

"దొరక్కపోతే పోనీలే అక్కా. నువ్వు మాత్రం ఎంతమందిని నిలదీస్తావు. లోపల అడిగితే నేను ఒకటే చెప్తాను. నేను చేరింది మా అక్క కౌంటర్లో, సంతకం పెట్టింది మా అక్క ముందు. అక్కడ తప్పు జరిగే చాన్సే లేదు, ఆ తర్వాత ఎవడో చేశాడు అంటాను." చిన్నగా నవ్వింది. "నీ కప్పు సంగతి కూడా చెప్పేదా? ఉత్తమ ఉద్యోగి అని?"

రెండూ యాభై. లోపల ఎవరో కుర్చీలు సర్దుతున్నారు.

మెరుపు సంచి జిప్పు లాగింది. మడిచిన కాగితం తీసింది, పెన్ను తీసింది. తన గొంతు తనకే కౌంటర్ అద్దం అవతల నుంచి వినిపించింది.

"ఇక్కడ సంతకం పెట్టవే."

చెల్లెలు ఏమిటని అడగలేదు. కాగితాన్ని మోకాలి మీద ఆనించుకుని, పెన్ను మూత నోటితో తీసి, గీత మీద మొదటి అక్షరం మొదలుపెట్టింది.

మెరుపు చెయ్యి వెళ్లి గీత మీద పడింది. పెన్ను మొన ఆమె చూపుడువేలిని గీరింది.

"ఆగు. చదువు ముందు."

"టైమైపోతోందే అక్కా."

"అవనీ. మడత విప్పి చదువు. ఇదిగో, ఇది కూడా."

పెన్ను తీసేసుకుని, రెండు కాగితాలూ చెల్లెలి ఒడిలో పెట్టి, మెరుపు చెప్పడం మొదలుపెట్టింది. తొమ్మిదో పేజీ గురించి చెప్పింది. తేదీ కోసం ఎంచుకున్న రోగం గురించి చెప్పింది. 2217 ఎవరి నంబరో చెప్పింది. ఏ కాగితం ఇస్తే ఏమవుతుందో, ఏది ఆగుతుందో, ఏది ఆగదో, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. తొమ్మిదో పేజీని ఎవరికైనా నిదానంగా వివరించడం ఆమెకు ఇదే మొదటిసారి. నాలుగు నిమిషాలు పట్టింది.

చెల్లెలు కాగితాల మీంచి తల ఎత్తలేదు. అవతల నీళ్ల గొట్టం కట్టేశారు.

"ఆ రోజు క్యాంటీన్లో నవ్వాం కదా," అంది చివరికి.

"నవ్వాం."

"నీ ఇష్టం అక్కా అనేదాన్ని, అడిగుంటే. అదీ నా బాధ. నువ్వు అడిగుంటే సరే అనేదాన్నే." కాగితాలు రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి అంచులు తట్టింది. "ఇప్పుడు అడుగుతున్నావా?"

"అడుగుతున్నా. నీ ఇష్టం. రెండిట్లో ఏదైనా సరే, నేను మాట్లాడను."

తలుపు తెరుచుకుంది. అటెండరు చెల్లెలి బ్యాడ్జి నంబరు పిలిచాడు. ఆమె లేచి నిలబడి చొక్కా కిందికి లాక్కుంది. మెరుపు కూడా లేవబోయింది.

"నువ్వు రాకు," అంది చెల్లెలు. "పెన్ను మాత్రం ఇలా ఇవ్వు."

తలుపు మూసుకుంది. పై సగం గరుకు అద్దం. దాని వెనక ఆకారాలే కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. బల్లకు అవతల మూడు తలలు. ఇవతల చెల్లెలి వీపు, నిటారుగా. చైర్మన్ గొంతు మందంగా వినిపించింది. మీ సమాచారం బయటివాళ్లకు ఇవ్వడానికి మీరు అంగీకరించారా అని అడుగుతున్నాడు. జవాబు వినపడలేదు. చెల్లెలి ఆకారం బల్ల మీదికి వంగింది. సంతకం పెడుతోంది. ఆ చెయ్యి ఒక కాగితాన్ని ముందుకు జరిపింది. రెండోదాన్ని పైకెత్తి నిలువునా చింపింది. ముక్కలు కలిపి మళ్లీ చింపింది. అద్దం వెనక రెండూ తెల్లగానే ఉన్నాయి. ఏది మిగిలిందో, ఏది చిరిగిందో మెరుపు కళ్లు చికిలించి ఎంత చూసినా తెలియలేదు.

లోపల కుర్చీ జరిగింది. ఎవరో లేచి ఫోను ఎత్తారు. ఆసుపత్రి పేరు వినిపించింది. తర్వాత తలుపు సగం తెరుచుకుని అటెండరు తల బయటికి వచ్చింది.

"నాలుగో కౌంటర్ ఆవిడంటే మీరేనా? లోపలికి రమ్మంటున్నారు. కాగితం మీదున్న నంబరుతో సరిచూడాలట, మీ ఉద్యోగి కార్డు కూడా పట్టుకు రండి."

మెరుపు మెడలోని తాడు పట్టుకుంది. తెరిచి ఉన్న తలుపులోంచి చెల్లెలి గొంతు ఏ వణుకూ లేకుండా బయటికి వచ్చింది.

"రమ్మనండి. మిగతాది మా అక్కే చెప్తుంది."